యిట్జాక్ రాబిన్: రెండు సంతకాల మధ్య ఒక జీవితం

1948 జులైలో, ఇజ్రాయెల్ రాజ్యం ఏర్పడి రెండు నెలలైనా నిండకముందే, 26 ఏళ్ళ సైనికాధికారి ఒకరు ఒక ఉత్తర్వుపై సంతకం చేశారు. లిద్దా పట్టణంలోని అరబ్బులను అక్కడి నుంచి పంపివేయాలన్నది ఆ ఉత్తర్వు సారాంశం. 45 సంవత్సరాల తరువాత, 1993 సెప్టెంబరు 10న, ఆయనే జెరూసలేంలో మరొక పత్రంపై సంతకం చేశారు. పాలస్తీనా ప్రజల ప్రతినిధిగా పాలస్తీనా విమోచన సంస్థను ఇజ్రాయెల్ గుర్తిస్తున్నదని ఆ లేఖ ప్రపంచానికి తెలియజేసింది. ఈ రెండు సంతకాలూ ఇజ్రాయెల్ మాజీ ప్రధానమంత్రి యిట్జాక్ రాబిన్‌వే. వాటి మధ్య సాగిన ఆయన జీవితం, ఇజ్రాయెలీలకూ పాలస్తీనీయులకూ మధ్య శాంతి ఎలా సాధ్యపడవచ్చునో, ఎక్కడ చేజారిపోతుందో తెలియజెప్పే చరిత్రగా మిగిలింది.

రాబిన్ 1922 మార్చి 1న జెరూసలేంలో జన్మించారు. అప్పటికి పాలస్తీనా బ్రిటిష్ పాలనలో ఉంది. తండ్రి నెహెమియా ఉక్రెయిన్ ప్రాంతంలో పుట్టి, అమెరికాకు వలస వెళ్ళి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో యూదు సైనిక దళంలో చేరి పాలస్తీనాకు వచ్చారు. తల్లి రోసా కోహెన్ రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన కార్మికోద్యమ నాయకురాలు. టెల్ అవీవ్‌లోని వారి ఇల్లు నిరాడంబరంగా ఉండేది. తల్లిదండ్రులిద్దరూ ప్రజాకార్యాలలో తలమునకలుగా ఉండడంతో పిల్లలు చిన్ననాటి నుంచే తమ పనులు తామే చేసుకోవడం నేర్చుకున్నారు. 15 ఏళ్ళ వయసులో తల్లిని కోల్పోయిన రాబిన్ మితభాషిగా, బిడియస్తుడిగా పెరిగారు. ఆ స్వభావం చివరి వరకూ ఆయనను వీడలేదు.

గలిలీ ప్రాంతంలోని కదూరీ వ్యవసాయ పాఠశాలలో ఆయన ఉత్తమ విద్యార్థిగా పేరు తెచ్చుకున్నారు. అమెరికా వెళ్ళి జలవనరుల ఇంజనీరింగు చదవాలన్నది ఆనాటి కోరిక. రెండో ప్రపంచ యుద్ధం ఆ కోరికను పక్కకు నెట్టింది. 1941లో హగానా అనే యూదు సాయుధ సంస్థ తన ప్రత్యేక దళంగా పాల్మాఖ్‌ను ఏర్పాటు చేసింది. రాబిన్ అందులో చేరారు. నీటి కాలువల లెక్కలు వేయవలసిన యువకుడు సైనిక చర్యల లెక్కలలో నిమగ్నుడయ్యాడు. 1945లో అత్లిత్ నిర్బంధ శిబిరం నుంచి 200 మందికి పైగా యూదు వలసదారులను విడిపించిన దాడిలో ఆయన పాల్గొన్నారు. మరుసటి ఏడాది బ్రిటిష్ అధికారులు ఆయనను కొన్ని నెలల పాటు నిర్బంధించారు.

లిద్దా నుంచి సాగిన కాలినడక

1948 యుద్ధంలో రాబిన్ హారెల్ బ్రిగేడ్‌కు నాయకత్వం వహించారు. ముట్టడిలో ఉన్న జెరూసలేంలోని యూదులకు ఆహారం, ఆయుధాలు చేరవేసే కొండదారిని కాపాడడం ఆ దళం బాధ్యత. తన చేతి కింద పనిచేసిన యువకులు ఆ దారిపొడవునా నేలకొరగడం ఆయన కళ్ళారా చూశారు. తగినన్ని ఆయుధాలు, శిక్షణ లేకుండా సైనికులను యుద్ధానికి పంపరాదన్న పట్టుదల ఆయనలో అక్కడే పాతుకుపోయింది.

ఆ జులైలో టెల్ అవీవ్‌కు ఆగ్నేయంగా ఉన్న లిద్దా, రమ్లా పట్టణాలను ఇజ్రాయెల్ సేనలు ఆక్రమించాయి. ఆ దాడికి యిగాల్ అలోన్ సేనాని, రాబిన్ కార్యాచరణ అధికారి. రెండు పట్టణాల నుంచి 50 వేల మందికి పైగా అరబ్బులు వెళ్ళగొట్టబడ్డారు. మండుటెండలో చంటిపిల్లలతో, వృద్ధులతో లిద్దా వాసులు తూర్పు దిశగా నడిచారు. దాహంతో, అలసటతో దారిలోనే ప్రాణాలు విడిచినవారు ఎందరో ఉన్నారు. బీరూట్‌లో వైద్యవిద్య అభ్యసిస్తూ స్వస్థలానికి వచ్చిన జార్జ్ హబష్ అనే యువకుడు సైతం ఆ నిర్వాసితులలో ఉన్నాడు. తరువాతి కాలంలో ఆయన పాలస్తీనా విమోచన ప్రజాసంఘటనను స్థాపించి సాయుధ పోరాట మార్గాన్ని ఎంచుకున్నారు. 1993 ఒప్పందాన్ని వ్యతిరేకించిన పాలస్తీనా నాయకులలో ఆయన ప్రముఖుడు.

రాబిన్ ఆ సంఘటనను మరచిపోలేదు. 1979లో ప్రచురించిన ఆత్మకథలో దానిని వివరంగా రాశారు. ఆ భాగాన్ని ప్రచురించడానికి ఇజ్రాయెల్ మంత్రుల సంఘం అనుమతించలేదు. అయినా అదే ఏడాది న్యూయార్క్ టైమ్స్ పత్రిక ద్వారా అది లోకానికి వెల్లడైంది. ఆ చర్య సైనికంగా అవసరమేనని ఆయన వాదించారు. అయితే అందులో పాల్గొన్న సైనికులలో కొందరు మానసికంగా నలిగిపోయారని కూడా నమోదు చేశారు. 1948లో మొత్తం 7 లక్షల మంది పాలస్తీనీయులు నిర్వాసితులయ్యారు. వారి సంతతి తిరిగి రావడమనే ప్రశ్న నేటికీ ప్రతి శాంతి చర్చకూ పెద్ద అవరోధంగా నిలుస్తోంది.

ఆరు రోజుల విజయం, దాని భారం

1964 జనవరిలో రాబిన్ ఇజ్రాయెల్ సైనిక ప్రధానాధికారి అయ్యారు. 1967 మే నెలలో ఈజిప్టు తన సేనలను సినాయ్‌లోకి నడిపించి, తిరాన్ జలసంధిని మూసివేసినప్పుడు యుద్ధం తప్పదన్న వాతావరణం ఏర్పడింది. ఆ ఒత్తిడికి తట్టుకోలేక ఆయన ఒక రోజుకు పైగా మంచం పట్టారు. ఎడతెగని ధూమపానం, నిద్రలేమి కూడా అందుకు తోడయ్యాయి. కోలుకుని మళ్ళీ విధులలో చేరిన ఆయన నాయకత్వంలో, జూన్ 5న మొదలైన యుద్ధం ఆరు రోజులలో ముగిసింది. సినాయ్, గాజా, పశ్చిమ తీరం, తూర్పు జెరూసలేం, గోలన్ కొండలు ఇజ్రాయెల్ అధీనంలోకి వచ్చాయి.

యుద్ధానంతరం హీబ్రూ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆ సభలో ఆయన చేసిన ప్రసంగంలో విజయోత్సాహం కంటే విషాదమే ఎక్కువగా వినిపించింది. సహచరులను పోగొట్టుకున్న సైనికుల దుఃఖాన్నీ, శత్రువులు చెల్లించిన మూల్యాన్నీ ఆయన ప్రస్తావించారు. కానీ ఆ విజయం తెచ్చిపెట్టిన అసలు భారం అప్పటికి ఎవరి అంచనాకూ అందలేదు. గాజాలోను, పశ్చిమ తీరంలోను నివసించే పది లక్షల మంది పాలస్తీనీయులు సైనిక పాలన కిందికి వచ్చారు. ఆ నేలపై యూదు ఆవాసాలు ఒక్కొక్కటిగా వెలియసాగాయి.

వాషింగ్టన్‌లో 1968 నుంచి 1973 వరకు రాయబారిగా పనిచేసిన తరువాత రాబిన్ రాజకీయాలలో ప్రవేశించారు. గోల్డా మేయిర్ రాజీనామాతో 1974 జూన్‌లో ప్రధానమంత్రి అయ్యారు. ఆ నేలపై పుట్టిన తొలి ప్రధాని ఆయనే. ఈజిప్టుతో 1975లో కుదిరిన సినాయ్ మధ్యంతర ఒప్పందం, తరువాతి శాంతి సంధికి బాట వేసింది. 1976లో ఉగాండాలోని ఎంటెబే విమానాశ్రయం నుంచి బందీలను విడిపించిన చర్య ఆయన ప్రతిష్ఠను పెంచింది. అయితే భార్య లేయా పేరిట అమెరికా బ్యాంకులో ఉన్న ఖాతా నాటి ఇజ్రాయెల్ నిబంధనలకు విరుద్ధమని తేలడంతో 1977లో ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. ఆ ఏడాది ఎన్నికలలో ఆయన లేబర్ పార్టీ తొలిసారి అధికారం కోల్పోయింది.

బలప్రయోగపు హద్దు

1984లో ఏర్పడిన సంకీర్ణ ప్రభుత్వంలో రాబిన్ రక్షణమంత్రి అయ్యారు. 1987 డిసెంబరులో గాజాలోని జబాలియా శరణార్థి శిబిరంలో మొదలైన ప్రజాందోళన కొద్ది రోజులలోనే ఆక్రమిత ప్రాంతాలంతటా వ్యాపించింది. ఇంతిఫాదాగా చరిత్రకెక్కిన ఆ తిరుగుబాటు తొలి దశలో రాళ్ళు రువ్వే యువకులు, అంగళ్ళు మూసివేసే వర్తకులు, పన్నులు చెల్లించడానికి నిరాకరించే పట్టణవాసులు ముందువరుసలో నిలిచారు.

రాబిన్ తొలి ప్రతిస్పందన కఠినంగా ఉంది. లాఠీలతో, దెబ్బలతో ఆందోళనను అణచివేయాలన్న విధానాన్ని 1988 జనవరిలో ఆయన బహిరంగంగానే ప్రకటించారు. యువకుల చేతులు, కాళ్ళు విరగగొట్టిన సైనికుల దృశ్యాలు టెలివిజన్‌లో ప్రపంచమంతా చూసింది. మానవహక్కుల సంస్థలు తీవ్రంగా ఖండించాయి. 1993 వరకు సాగిన ఆ తిరుగుబాటులో ఇజ్రాయెల్ బలగాల చేతిలో వెయ్యి మందికి పైగా పాలస్తీనీయులు మరణించారు. వంద మందికి పైగా ఇజ్రాయెలీలు కూడా ప్రాణాలు కోల్పోయారు. పాలస్తీనీయుల స్మృతిలో రాబిన్ పేరు ఈ నాటికీ ఆ దెబ్బలతోనే ముడిపడి ఉంది.

సైన్యంతో సైన్యాన్ని ఓడించవచ్చు గాని, ఒక జనసమూహం మొత్తాన్ని లొంగదీయడం సాధ్యం కాదని ఆ సంవత్సరాలు ఆయనకు నేర్పాయి. 1988 జులైలో జోర్డాన్ రాజు హుసేన్ పశ్చిమ తీరంతో తన రాజ్యానికి గల పాలనా సంబంధాలను తెంచివేశారు. దాంతో పాలస్తీనీయుల తరఫున జోర్డాన్‌తో బేరమాడవచ్చునన్న ఆశ కూడా అడుగంటింది. మాట్లాడితే పాలస్తీనీయులతోనే మాట్లాడాలి. ఆక్రమిత ప్రాంతాలలో ఎన్నికలు జరిపి, ఎన్నికైన ప్రతినిధులతో చర్చించాలన్న ప్రతిపాదనను 1989లో ఆయనే ముందుకు తెచ్చారు.

అంటే రాబిన్‌ను శాంతి వైపు నడిపించినది హఠాత్తుగా కలిగిన హృదయ పరివర్తన కాదు. ఒక వృత్తి సైనికుడు తన ఆయుధం ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో పరీక్షించి తెలుసుకున్న నిజం అది. ఆయన మాటకు ఇజ్రాయెలీలు విలువ ఇవ్వడానికి కారణం కూడా అదే.

ఓస్లో దారి

1992 జూన్ 23న జరిగిన ఎన్నికలలో లేబర్ పార్టీ 44 స్థానాలు గెలుచుకుంది. రాబిన్ రెండోసారి ప్రధాని అయ్యారు. ప్రభుత్వానికి అరబ్బు పార్టీల సభ్యులు బయటి నుంచి మద్దతు ఇచ్చారు. ప్రత్యర్థులు దీనినే తరువాత ఆయుధంగా మలచుకున్నారు.

ఆ ఏడాది జనవరిలోనే భారతదేశం ఈ ప్రాంతం పట్ల తన విధానంలో ఒక మలుపు తీసుకుంది. 1950లోనే ఇజ్రాయెల్‌ను, 1988లో పాలస్తీనాను గుర్తించిన భారత్, 1992 జనవరి 29న ఇజ్రాయెల్‌తో పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు నెలకొల్పింది. ఆ నిర్ణయం తీసుకున్నది తెలుగువారైన ప్రధాని పి.వి. నరసింహారావు. ఆ ప్రకటనకు కొద్ది రోజుల ముందు యాసర్ అరాఫత్ ఢిల్లీలో పర్యటించారు. పాలస్తీనాతో స్నేహం వదులుకోకుండానే భారత్ ఆ అడుగు వేసింది.

1993 జనవరిలో నార్వేలో రహస్య చర్చలు మొదలయ్యాయి. పాలస్తీనా విమోచన సంస్థతో సంబంధాలు పెట్టుకోవడాన్ని నేరంగా పరిగణించే చట్టాన్ని అదే నెలలో ఇజ్రాయెల్ పార్లమెంటు నెస్సెట్ రద్దు చేసింది. మొదట ఇద్దరు ఇజ్రాయెలీ విద్యావేత్తలు, పాలస్తీనా పక్షాన అహ్మద్ ఖురేయ్ బృందం మాట్లాడుకున్నారు. విదేశాంగమంత్రి షిమోన్ పెరెజ్ ఉత్సాహంగా ఉన్నా, రాబిన్ చాలాకాలం అనుమానంతోనే గమనించారు. వారిద్దరిదీ దశాబ్దాల నాటి రాజకీయ వైరం. అయినా ఈ ఒక్క విషయంలో ఒకరి అవసరం మరొకరికి కలిగింది.

1993 సెప్టెంబరు 13న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ సమక్షంలో శ్వేతసౌధం ముంగిట ఒప్పందంపై పెరెజ్, మహమూద్ అబ్బాస్ సంతకాలు చేశారు. అరాఫత్ చాచిన చేతిని అందుకునే ముందు రాబిన్ క్షణకాలం తటపటాయించడం ప్రపంచమంతా చూసింది. ఇరుపక్షాల అనుమానమూ, ఆశా ఆ తటపటాయింపులో కనిపించాయి.

ఒప్పందం ప్రకారం ఐదేళ్ళ మధ్యంతర కాలంలో గాజా, పశ్చిమ తీరం ప్రాంతాలలో పాలస్తీనా స్వపరిపాలన దశలవారీగా ఏర్పడాలి. జెరూసలేం, శరణార్థులు, యూదు ఆవాసాలు, సరిహద్దులు, భద్రతా ఏర్పాట్లు అనే ఐదు క్లిష్టమైన అంశాలను తుది దశ చర్చలకు వాయిదా వేశారు. పరస్పర గుర్తింపు కూడా సమతూకంలో లేదు. ఇజ్రాయెల్ రాజ్యపు ఉనికి హక్కును పాలస్తీనా పక్షం గుర్తించగా, ఇజ్రాయెల్ గుర్తించినది ఒక సంస్థను మాత్రమే. పాలస్తీనా రాజ్యం అన్న మాట ఒప్పందంలో ఎక్కడా లేదు. చిన్న అడుగులు వేస్తూ పోతే నమ్మకం పెరుగుతుందనీ, పెద్ద ప్రశ్నలు అప్పుడు తేలికవుతాయనీ ఆనాటి ఆశ.

వాయిదా మూల్యం

ఆ వాయిదా కాలం ఇరువైపులా శాంతి వ్యతిరేకులకు అవకాశంగా మారింది. 1994 ఫిబ్రవరి 25న హెబ్రాన్‌లోని ఇబ్రహీం మసీదులో ప్రార్థనలు చేస్తున్న 29 మందిని బరూక్ గోల్డ్‌స్టీన్ అనే యూదు తీవ్రవాది కాల్చి చంపాడు. ఆ ఏప్రిల్‌లో అఫూలా, హదేరా పట్టణాలలో హమాస్ బాంబు దాడులకు పాల్పడింది. అక్టోబరులో టెల్ అవీవ్ నడిబొడ్డున బస్సులో జరిగిన ఆత్మాహుతి దాడిలో 22 మంది మరణించారు. హెబ్రాన్ ఘటన తరువాత అక్కడి యూదు ఆవాసాన్ని తొలగించాలన్న సూచన వచ్చినా రాబిన్ ఆ సాహసం చేయలేదు. కొత్త ఆవాసాలకు ప్రభుత్వ ప్రోత్సాహం తగ్గించినా, ఉన్నవాటిలో నిర్మాణాలు ఆగలేదు. తమ నేల తరిగిపోతోందని పాలస్తీనీయులు, తమ ప్రాణాలకు రక్షణ కరవైందని ఇజ్రాయెలీలు భావించసాగారు.

అయినా ఆయన వెనుదిరగలేదు. 1994 మే నెలలో కైరో ఒప్పందంతో గాజా, జెరికో పాలస్తీనా పాలన కిందికి వచ్చాయి. జులైలో అరాఫత్ గాజాలో అడుగుపెట్టారు. అక్టోబరు 26న జోర్డాన్‌తో శాంతి సంధి కుదిరింది. 1967లో ఏ రాజు చేతిలోనుంచి రాబిన్ సేనలు పశ్చిమ తీరాన్ని గెలుచుకున్నాయో, ఆ హుసేన్‌తోనే ఆయనకు గాఢమైన స్నేహం కుదిరింది. డిసెంబరులో అరాఫత్, పెరెజ్‌లతో కలిసి నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు.

1995 సెప్టెంబరు 28న కుదిరిన రెండో ఒప్పందం పశ్చిమ తీరాన్ని మూడు మండలాలుగా విభజించింది. పెద్ద నగరాలు పాలస్తీనా అధికారం కిందికి వచ్చినా, 70 శాతానికి పైగా భూభాగం అప్పటికి ఇజ్రాయెల్ పూర్తి అదుపులోనే మిగిలింది. నెస్సెట్‌లో ఈ ఒప్పందం 61 ఓట్లతో గట్టెక్కగా, 59 మంది వ్యతిరేకించారు. పాలస్తీనాకు దక్కేది పూర్తి రాజ్యం కన్నా తక్కువ స్థాయిలోనే ఉంటుందని రాబిన్ ఆనాడు సభకు స్పష్టం చేశారు. జెరూసలేంను విభజించబోనని కూడా చెప్పారు. కాలం కలిసివస్తే ఆయన ఇంకెంత దూరం వెళ్ళేవారన్నది చరిత్రకారులు నేటికీ చర్చిస్తూనే ఉన్నారు.

వీధులలో ఆయనపై ద్వేషం పెల్లుబికింది. జెరూసలేంలో జరిగిన ఒక ప్రతిపక్ష సభలో ఆయనను నాజీ సైనిక దుస్తులలో చిత్రించిన బొమ్మలు కనిపించాయి. యూదుల నేలను శత్రువుకు అప్పగించేవాడిని చంపడం ధర్మసమ్మతమా అని కొందరు మతగురువులు తర్కించారు. భద్రతాధికారులు హెచ్చరించినా, సొంత ప్రజల మధ్య తిరగడానికి గుండు తగలని కవచం తొడుక్కోవడానికి ఆయన ఒప్పుకోలేదు.

1995 నవంబరు 4 రాత్రి టెల్ అవీవ్‌లోని ఇజ్రాయెల్ రాజుల చౌరస్తాలో లక్ష మందికి పైగా జనం శాంతి సభకు తరలివచ్చారు. జనం రారేమోనని సంశయించిన రాబిన్ ఆ సమూహాన్ని చూసి సంతోషించారు. ఎన్నడూ పాడని ఆయన వేదికపై శాంతి గీతానికి గొంతు కలిపి, పాట రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. కారు వద్దకు వస్తుండగా యిగాల్ అమీర్ అనే న్యాయశాస్త్ర విద్యార్థి వెనుక నుంచి కాల్పులు జరిపాడు. ఆసుపత్రిలో రాబిన్ కన్నుమూశారు. రక్తంతో తడిసిన ఆ కాగితం చరిత్రకు సాక్ష్యంగా నిలిచింది. హంతకుడు యూదుడే.

రెండు రోజుల తరువాత జెరూసలేంలోని హెర్జల్ కొండపై జరిగిన అంత్యక్రియలకు దేశదేశాల నాయకులు హాజరయ్యారు. 1951లో అదే నగరంలో, అల్ అక్సా మసీదు వద్ద, తన తాత అబ్దుల్లా హత్యను కళ్ళారా చూసిన రాజు హుసేన్ అక్కడ కన్నీటితో మాట్లాడారు. ఇజ్రాయెల్‌తో సంధి చేసుకున్న ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ కూడా 1981లో స్వదేశీయుల చేతిలోనే హతులయ్యారు. భద్రతా కారణాల వల్ల అంత్యక్రియలకు రాలేకపోయిన అరాఫత్, కొన్ని రోజులకు రహస్యంగా టెల్ అవీవ్ వెళ్ళి లేయా రాబిన్‌ను పరామర్శించారు. ఇజ్రాయెల్‌లో ఆయన అడుగుపెట్టడం అదే తొలిసారిగా పత్రికలు రాశాయి.

ఆ తరువాత

1996 తొలి నెలలలో వరుసగా జరిగిన బస్సు బాంబు దాడులు ఇజ్రాయెలీల మనసు మార్చాయి. మే ఎన్నికలలో ఒక శాతం కన్నా తక్కువ తేడాతో పెరెజ్‌ను ఓడించి, ఓస్లో ఒప్పందాన్ని వ్యతిరేకించిన నెతన్యాహు ప్రధాని అయ్యారు. తుది ఒప్పందానికి పెట్టుకున్న 1999 మే గడువు అలాగే దాటిపోయింది. 2000లో క్యాంప్ డేవిడ్ చర్చలు విఫలమై, రెండో ఇంతిఫాదా రగిలింది. ఓస్లో నాడు పశ్చిమ తీరంలో లక్షకు కాస్త అటూఇటూగా ఉన్న యూదు ఆవాసుల సంఖ్య, తూర్పు జెరూసలేంను మినహాయించినా, 4 లక్షలు దాటింది. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది బలికాగా, దాని తరువాత గాజాలో సాగిన యుద్ధం పదుల వేల పాలస్తీనీయుల ప్రాణాలను తీసింది.

రాబిన్ జీవించి ఉంటే శాంతి సిద్ధించేదని చెప్పడం సులభమే గాని, రుజువు చేయడం సాధ్యం కాదు. ఆయన ఒప్పందంలోనే లోపాలున్నాయి. గమ్యమేదో చెప్పకుండా ప్రయాణం మొదలుపెట్టడం వాటిలో పెద్దది. అంతమాత్రాన ఆయన చేసిన పని చిన్నదైపోదు. భద్రత విషయంలో తన ప్రజల నమ్మకాన్ని సంపాదించుకున్న నాయకుడు, నిన్నటి శత్రువునే చర్చలకు పిలిచి, ఆ నిర్ణయానికి తానే బాధ్యత వహించగలడని ఆయన చూపారు. అటువంటి నాయకుడు ఇరుపక్షాలలోనూ ఒకే కాలంలో ఉండాలి. కష్టమైన ప్రశ్నలను దాటవేయకుండా, వ్యతిరేకులు బలపడే లోపే వారు ఆ పని ముగించగలగాలి.

1993లో పక్కన పెట్టిన ఆ ఐదు అంశాలలో ఒక్కటీ నేటికి పరిష్కారం కాలేదు. మళ్ళీ ఎవరు చర్చలకు కూర్చున్నా, రాబిన్, అరాఫత్ వదిలిపెట్టిన ఆ జాబితా నుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.